హాజరు పుస్తకం, కొలతల పుస్తకం

సాయంత్రం ఆరు కావస్తుంటే ఏ నిర్మాణ స్థలంలోనైనా దాదాపు ఒకే దృశ్యం కనిపిస్తుంది. మేస్త్రీలు తాపీలు కడిగి సంచిలో వేసుకుంటారు. కూలీలు తట్టలు బోర్లించి, కాళ్లకు అంటిన సిమెంటు కడుక్కుంటారు. సూపర్‌వైజరు పొడుగాటి నోటుపుస్తకం తెరుస్తాడు. అందులో నిలువుగా పేర్లు, అడ్డంగా తారీఖులు. రోజంతా పని చేసినవారికి ఒకటి, ఒక పూట వచ్చినవారికి అర, చీకటి పడ్డాక కూడా స్లాబు దగ్గర నిలబడినవారికి ఒకటిన్నర. వారం చివర బట్వాడా అంతా ఆ అంకెల మీదే జరుగుతుంది.

అదే సమయంలో కాస్త అవతల సైట్ ఇంజనీరు ఒక కుర్రవాడికి టేపు కొస అందించి గోడ పొడవు, ఎత్తు, మందం కొలుస్తాడు. కిటికీలు, తలుపుల ఖాళీలు తీసివేసి, మిగిలినది తన పుస్తకంలో రాసుకుంటాడు.

మొదటిది మనుషుల లెక్క, రెండవది పని లెక్క. రెండూ ఒకే రోజు గురించి రాసినవే. అయినా చాలా చోట్ల ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదివేవారు ఉండరు. బిల్లింగ్ ఇంజనీరుగా నేను చూసిన తగాదాలలో చాలావరకు ఆ రెండింటి మధ్య ఖాళీలోనే పుట్టాయి. కాంట్రాక్టరు ‘ఇంతమందిని పెట్టాను’ అంటాడు, యజమాని ‘గోడ ఎక్కడ లేచింది?’ అంటాడు. ఇద్దరూ నిజమే చెబుతుంటారు. మధ్యలో కూలి ఆగిపోయేది మాత్రం తట్ట మోసిన మనిషికి.

అందుకే ఈ లెక్కను నిదానంగా విప్పి చూడాలి. పనిగంటలు ఏమి చెబుతాయి, ఏమి చెప్పలేవు? ‘సగం పని అయింది’ అన్న మాటకు అసలు అర్థం ఏమిటి?

గంటలు చెప్పేది ఎంత

ఒక మనిషి ఒక గంట చేసిన పని ఒక పనిగంట. పదిమంది ఎనిమిది గంటలు చేస్తే 80 పనిగంటలు. న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనానికి 70 లక్షల పనిగంటలు పట్టాయని చెబుతారు. 1930 మార్చిలో పని మొదలుపెట్టి 410 రోజులలో 102 అంతస్తులు లేపారు. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాకు పట్టినవి 2 కోట్ల 20 లక్షల పనిగంటలు. వింటే అబ్బురమనిపిస్తుంది. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరు బాగా పని చేశారో చెప్పగలమా? ఒకటి 381 మీటర్ల ఉక్కు చట్రం. రెండవది 828 మీటర్లు, అందులో ఎక్కువ భాగం కాంక్రీటు. కాలం, యంత్రాలు, ఎండ, ఏదీ ఒకటి కాదు. పనిగంట అనేది మనం లోపలికి పోసినదాని కొలత. బయటికి వచ్చినది ఎంతో అది చెప్పదు.

అయితే ఒక చోట గంటల లెక్కకు బదులు మరొకటి లేదు. అది భద్రత. పెద్ద ప్రాజెక్టుల గేటు దగ్గర ‘ఇప్పటివరకు ప్రమాదం లేకుండా ఇన్ని లక్షల పనిగంటలు’ అని రాసిన బోర్డు చూసే ఉంటారు. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం ప్రమాదాల రేటును 10 లక్షల పనిగంటలకు ఎన్ని అని కడతారు. అమెరికాలో 2 లక్షల గంటలకు కడతారు. వందమంది వారానికి 40 గంటల చొప్పున ఏడాదిలో 50 వారాలు చేస్తే వచ్చే అంకె అది. ఇక్కడ గంటలు హారం. హారాన్ని ఎక్కువ చేసి రాస్తే ప్రమాదాల రేటు కాగితం మీద తగ్గిపోతుంది. రాని మనుషులను వచ్చినట్టు చూపిన హాజరు పుస్తకం డబ్బు ఒక్కటే మింగదు, పరంజా మీద నుంచి పడిన మనిషి లెక్కను కూడా పలచన చేస్తుంది. బోగస్ హాజరును నేను చిన్న తప్పుగా ఎప్పుడూ చూడలేకపోయాను.

రోజుకూలీ, గుత్త

మన దగ్గర పనిని లెక్కగట్టే పద్ధతులు రెండు పాతకాలం నుంచీ ఉన్నాయి. ఒకటి రోజుకూలీ, రెండవది గుత్త, అంటే అయిన పని కొలతను బట్టి కూలి. పాలమూరు జిల్లా నుంచి గుంపు మేస్త్రీల వెంట దేశమంతా ఆనకట్టలకు, కాలువలకు వెళ్లిన కూలీలకు ఈ రెండింటి తేడా ఎవరూ చెప్పనక్కరలేదు. 1955 డిసెంబరులో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఆనకట్ట యంత్రాల కన్నా ఎక్కువగా మనుషుల చేతులతో లేచింది. అంత పెద్ద రాతికట్టడంలో ఎవరు ఎంత చేశారో తేల్చడానికి హాజరూ కావాలి, కొలతా కావాలి.

రోజుకూలీలో పని నెమ్మదిస్తే నష్టం యజమానిది. అందుకని అతని చూపు గంటల మీద ఉంటుంది: ఎప్పుడు వచ్చారు, టీకి ఎంతసేపు వెళ్లారు అని. గుత్తలో పని నెమ్మదిస్తే నష్టం కూలీది. అప్పుడు యజమానికి గంటలతో పని లేదు, టేపు ఒక్కటి చాలు. ఇల్లు కట్టించుకునేవారు చదరపు అడుగుకు ఇంత అని లేబర్ కాంట్రాక్టు ఇచ్చేది ఈ ధైర్యంతోనే. నష్టం ఎవరి మీద పడుతుందో దాన్నిబట్టి ఏది కొలవాలన్నది నిర్ణయమైపోతుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే సైటులో జరిగే సగం వాదనలు అర్థమవుతాయి.

గుత్తలో గంటలు రాయనవసరం లేదన్న ఆలోచన మాత్రం ప్రమాదకరం. ఇసుక రాక సగం రోజు కూర్చున్న గుంపు ఆ నష్టాన్ని రాత్రి పదింటి వరకు పని చేసి పూడ్చుకుంటుంది. కొలతల పుస్తకంలో గోడ నిండుగా కనిపిస్తుంది. ఆ గోడ వెనుక భార్యాభర్తలిద్దరూ చెరి 13 గంటలు పడ్డ శ్రమ ఎక్కడా కనిపించదు. మరుసటి ఏడాది కొత్త రేటు కట్టేటప్పుడు కూడా ఆ కనిపించని గంటలకు ధర ఉండదు.

ఒక గోడ లెక్క

ఒక అపార్టుమెంటులో ఒక అంతస్తు ఇటుక గోడల పని తీసుకుందాం. మొత్తం 100 క్యూబిక్ మీటర్లు. పునాదుల పైన గోడకట్టులో ఒక మేస్త్రీ రోజుకు ఒక క్యూబిక్ మీటరు కడతాడని అంచనాల పాఠ్యపుస్తకాలు చెబుతాయి. 19 సెంటీమీటర్ల ప్రామాణిక ఇటుకలైతే అది 500 ఇటుకలు. ఇద్దరు మేస్త్రీలకు ముగ్గురు కూలీలు అనుకుంటే, అయిదుగురు ఎనిమిది గంటలలో రెండు క్యూబిక్ మీటర్లు లేపుతారు. అంటే ఒక్కో క్యూబిక్ మీటరుకు 20 పనిగంటలు, అంతస్తు మొత్తానికి 2,000.

ఆరుగురు మేస్త్రీలు, తొమ్మిదిమంది కూలీలు పదిరోజులు వచ్చారు. 15 మంది, ఎనిమిది గంటలు, పది రోజులు. హాజరు పుస్తకం 1,200 గంటలు చూపుతుంది. 2,000లో 1,200 అంటే 60 శాతం. నెల సమావేశంలో ‘గోడలు 60 శాతం అయ్యాయి’ అన్న మాట చాలాసార్లు ఇలాగే పుడుతుంది. చెప్పినవాడు అబద్ధం ఆడలేదు. ఖర్చయిన గంటలను అయిన పని అనుకున్నాడు, అంతే.

ఇప్పుడు టేపు పట్టుకొని వెళ్లి కొలిస్తే నిలబడి ఉన్న గోడ 45 క్యూబిక్ మీటర్లు. అసలు ప్రగతి 45 శాతం. ఒక్కో క్యూబిక్ మీటరుకు 20 గంటల లెక్కన 45కు దక్కవలసినవి 900 గంటలు. ఇంజనీర్లు వీటిని ఎర్న్‌డ్ అవర్స్ అంటారు, మనం దక్కిన గంటలు అనుకుందాం. 1,200 పెడితే 900 దక్కాయి. నిష్పత్తి 0.75. ఇదే తీరున సాగితే మిగిలిన 55 క్యూబిక్ మీటర్లకు సుమారు 1,467 గంటలు కావాలి. 17 రోజులలో ముగియవలసిన పని 22 దాటుతుంది. ఈ ఆలోచనకు పెద్ద ఎత్తున అధికారిక రూపం వచ్చింది 1967లో. అమెరికా రక్షణ శాఖ తన పెద్ద కాంట్రాక్టులు తీసుకున్నవారు వేసిన ప్రణాళికను, అయిన పనిని, పెట్టిన ఖర్చును విడివిడిగా చూపి తీరాలని నియమం పెట్టింది. రక్షణ శాఖకు పనికొచ్చిన ఆ లెక్క ఒక అంతస్తు గోడకూ అంతే పనికొస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. 0.75 చూడగానే మేస్త్రీని పిలిచి ‘నీ మనుషులు పని చేయడం లేదు’ అంటారు. నా మనసుకు కష్టం కలిగించేది ఈ ఘట్టమే. ఎందుకంటే గంటలు పోయాయని ఆ అంకె చెప్పింది కానీ ఎక్కడ పోయాయో చెప్పలేదు.

అది తెలియాలంటే రోజువారీ డైరీ చూడాలి. మన ఉదాహరణలో డైరీ ఇలా ఉందనుకుందాం: ఒక రోజు ఇసుక లారీ రాలేదు, వచ్చిన 15 మందికీ కూలి ఇచ్చి కూర్చోబెట్టారు. 120 గంటలు అక్కడ పోయాయి. తలుపు చోటు మారిందని కొత్త డ్రాయింగు వచ్చింది. అప్పటికే కట్టిన అయిదు క్యూబిక్ మీటర్ల గోడ కూల్చారు. కట్టడానికి పట్టిన 100 గంటలు, కూల్చి ఎత్తిపోయడానికి 20, మరో 120 పోయాయి. ఇటుకల లారీ సందులోకి రాలేక వీధి మలుపులో దింపింది, అక్కడి నుంచి మోయడానికి 60. మొత్తం 300. 1,200 నుంచి 300 తీసివేస్తే గోడ కట్టడానికి నిజంగా మిగిలినవి 900. దక్కినవీ 900. తాపీ పట్టుకున్న చేయి సరిగ్గా అనుకున్న వేగంతోనే సాగింది. ఇసుక తెప్పించవలసినవారు, డ్రాయింగు ముందే ఖాయం చేయవలసినవారు, దారి చూడవలసినవారు వేరే ఉన్నారు.

అందుకే హాజరు పుస్తకంలో ‘15 మంది, ఎనిమిది గంటలు’ అని మాత్రమే రాస్తే చాలదు. ఏ పనికి ఎన్ని గంటలు, ఊరకే ఎన్ని, తిరిగి చేయడానికి ఎన్ని అని విడదీసి రాయాలి. ఒక్కో గుంపుకు ఒక్క వరస, రోజుకు పది నిమిషాలు. ఆ రాత అదే సాయంత్రం జరగాలి. వారం తరువాత గుర్తు తెచ్చుకొని రాసిన డైరీ ఎవరి పక్షాన నిలబడుతుందో రాసినవారి మీద ఆధారపడి ఉంటుంది.

ఇంకొక మెలిక కూడా ఉంది. ప్రతి క్యూబిక్ మీటరూ సమానం కాదు. గోడ ఛాతీ ఎత్తు వరకు నేల మీద నిలబడి కట్టేస్తారు. ఆపైన పరంజా కావాలి, ఇటుక, సిమెంటు మాలు పైకి అందించే మనిషి కావాలి. మన ఉదాహరణలో గది తరువాత గది పూర్తి ఎత్తుకు లేపారనుకున్నాం కాబట్టి సగటు లెక్క సరిపోయింది. అలా కాక అంతస్తు మొత్తం ఛాతీ ఎత్తుకు లేపి ఆపి ఉంటే మొదటి సగం వేగం చూసి రెండవ సగాన్ని అంచనా కట్టడం మోసపోవడమే. తేలిక పని ముందు చేసి బిల్లు పెట్టుకొని, కష్టమైన పై భాగం మిగిల్చి వెళ్లిపోయిన గుంపులను చూసిన ఏ ఇంటి యజమానికైనా ఇది అనుభవమే.

ఇటుకను ఇనుముతో కలపడం ఎలా

గోడ ఒక్కటే ఉంటే టేపుతో సరిపోయేది. కానీ భవనంలో గోడ క్యూబిక్ మీటర్లలో, ప్లాస్టరింగు చదరపు మీటర్లలో, కడ్డీలు టన్నులలో, పైపులు మీటర్లలో, తలుపులు సంఖ్యలో ఉంటాయి. వీటన్నిటినీ కలిపి ‘భవనం ఇంత శాతం’ అని చెప్పాలంటే ఒకే నాణెంలోకి మార్చాలి.

అందరికీ తెలిసిన నాణెం రూపాయి. ప్రభుత్వ సమీక్షలలో భౌతిక ప్రగతి, ఆర్థిక ప్రగతి అని రెండు వరసలు చూపేది ఇందుకే. రూపాయలతో చిక్కు ఏమిటంటే ఖరీదైన సామగ్రి సైటులోకి దిగగానే శాతం ఎగిరిపోతుంది. లిఫ్టు యంత్రం పెట్టెలోనే ఉంటుంది, ఒక్క బోల్టు బిగించరు, కానీ ఆర్థిక ప్రగతి కొన్ని మెట్లు ఎక్కేస్తుంది. దీనికి విరుద్ధంగా ప్లాస్టరింగుకు సిమెంటు, ఇసుక ఖర్చు తక్కువ, మనుషుల శ్రమ ఎక్కువ. రూపాయల తూకంలో అది తేలిపోతుంది. నెలల తరబడి ఇరవైమంది గోడలకు మాలు కొట్టినా శాతం కదలదు.

అందుకని చేతి పని ఎక్కువగా ఉన్నచోట గంటలనే నాణెంగా వాడటం మేలు. ఒక క్యూబిక్ మీటరు గోడకు 20 గంటలు, ఒక చదరపు మీటరు ప్లాస్టరింగుకు ఇన్ని, టన్ను కడ్డీలు వంచి కట్టడానికి ఇన్ని అని ముందే ఖాయం చేసుకొని, అయిన పరిమాణాన్ని వాటితో గుణించి కూడితే అన్నీ ఒక దారిన పడతాయి. ఇక్కడ వాడేవి ఖర్చయిన గంటలు కావు, దక్కవలసిన గంటలు. ఆ తేడా మరిచిపోతే మళ్లీ మొదటికే వస్తాం. ఇటువంటి ప్రమాణాల కోసం ఐఎస్ 7272 అనే భారతీయ ప్రమాణమే ఉంది. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వ శాఖలు వాడే ఎస్‌ఎస్‌ఆర్ (ప్రామాణిక రేట్ల పట్టిక) రేట్ల వెనుక కూడా ఏ పనికి ఎంతమంది మేస్త్రీలు, ఎంతమంది కూలీలు అన్న లెక్క ఉంటుంది.

స్లాబు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. కాంక్రీటు పోసే రోజు పండుగలా ఉంటుంది. మిక్సరు చప్పుడు, వరసలో మనుషులు, కొబ్బరికాయ. అందరూ ‘స్లాబు పడింది’ అంటారు. కానీ సెంట్రింగు చేసి, కడ్డీలు కట్టి, కరెంటు పైపులు వేసేసరికే ఆ స్లాబుకు పట్టే గంటలలో అధిక భాగం అయిపోయి ఉంటుంది. కాంక్రీటు పడిన రోజునే నూటికి నూరు ఇస్తే అంతకుముందు రెండు వారాల శ్రమకు సున్నా వేసినట్టు. పోతపోసిన రోజుతో ముగిసిందనుకున్నా తప్పే. కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం, ఆధారాల మధ్య దూరం 4.5 మీటర్ల వరకు ఉన్న స్లాబు కింద పోట్లు, అంటే మోసే నిలువు కర్రలు, ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లు దాటిన బీముల కింద 21 రోజులు. పోట్లు తీసి, సెంట్రింగు రేకులు పై అంతస్తుకు చేరితే తప్ప ఆ స్లాబు కింద గోడపని మొదలవదు. అందుకే నేను సెంట్రింగుకు 40, కడ్డీలకు 30, కాంక్రీటుకు 20, పోట్లు తీశాక 10 అని మార్కులు విడదీసి ముందే కాగితం మీద పెట్టుకునేవాణ్ణి. అంకెలు మీ పనిని బట్టి మారవచ్చు. పని మొదలవకముందే రాసుకోవడం మాత్రం మార్చకూడదు. తరువాత రాసుకున్న మార్కులు బిల్లు అవసరాన్ని బట్టి వంగుతాయి.

తొంభై దగ్గర ఆగిపోయే శాతం

ఫ్లాటు కొన్నవారు ఈ అనుభవం చెబుతుంటారు. ‘ఆరు నెలల క్రితమే తొంభై శాతం అయిందన్నారు. ఇప్పుడూ తొంభై రెండే అంటున్నారు.’ ఇందులో ఎప్పుడూ మోసమే ఉంటుందని నేను అనను. కళ్లకు కనిపించే పని అంతా మొదటి భాగంలో ఉంటుంది. పిల్లర్లు, స్లాబులు, గోడలు వేగంగా లేస్తాయి. ఆఖరి పది శాతంలో బాత్రూము పలకల సందులు, తలుపుల బిగింపు, నీళ్లు కారే చోట్లు, స్విచ్చులు, రెండవ పూత రంగు ఉంటాయి. ఒక చిన్న గదిలోకి అయిదు రకాల పనివారు ఒకరి తరువాత ఒకరు రావాలి. ఒకరు ఆలస్యమైతే మిగతా నలుగురూ ఆగుతారు. గంటల తూకం సరిగా వేసి ఉంటే అది మొదటి నుంచే పది శాతం కాదని, అంతకన్నా చాలా ఎక్కువని తెలిసేది.

ఈ శాతం కేవలం కబురు కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం కొనుగోలుదారుల నుంచి వచ్చిన సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో వేయాలి. పని ఎంత శాతం అయిందో అంత మేరకే అందులో నుంచి తీసుకోవాలి. ఆ శాతాన్ని ఇంజనీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువీకరించాలి. అంటే ఒక ఇంజనీరు రాసే అంకె మీద వందల కుటుంబాల పొదుపు ఆధారపడి ఉంది. శాతం ఎంత అని అడిగి ఊరుకోకుండా, ఆ శాతం దేని తూకంతో కట్టారు, రూపాయలతోనా, పరిమాణంతోనా, ఏ ఏ పనులు పూర్తిగా అయ్యాయి అని అడిగే హక్కు కొన్నవారికి ఉంది. అడగాలి కూడా.

పెద్ద ప్రాజెక్టులలో ఇదే చిక్కు మరింత పెద్దదిగా కనిపిస్తుంది. పోలవరంలో 2019 జనవరి 6, 7 తేదీలలో 24 గంటలలో 32,315.5 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఆ రాత్రి అక్కడ పని చేసినవారి నైపుణ్యానికి చేతులెత్తి నమస్కరించాలి. అయితే ఒక్క రోజు వేగం చూసి ప్రాజెక్టు ముగిసే తేదీ కట్టలేం. ఆ ఒక్క రోజు కోసం ఎన్నో రోజుల ముందు నుంచి కంకర, సిమెంటు, యంత్రాలు సిద్ధం చేస్తారు, ఆ సిద్ధం చేసిన గంటలు 24లో లేవు.

అదే పోలవరంలో గోదావరి గర్భంలో, ప్రధాన ఆనకట్ట కింద నుంచి నీరు ఊరకుండా ఆపే డయాఫ్రమ్ గోడను 2018లో పూర్తి చేశారు. 2020 వరదలలో అది దెబ్బతింది. 2025 జనవరిలో కొత్త గోడ పని మొదలుపెట్టారు. బాధ్యత ఎవరిదన్న చర్చ ఈ వ్యాసానికి బయటిది. కొలతల కోణం నుంచి చూస్తే ఒకప్పుడు నూటికి నూరు శాతం అని నమోదైన పని మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. ఖర్చయిన గంటల పట్టిక ఎప్పుడూ పైకే పోతుంది, వెనక్కు రాదు. పని ప్రగతి మాత్రం వెనక్కు వస్తుంది, రావాలి కూడా. వెనక్కు రావడానికి చోటు లేని నివేదికను నేను నమ్మను. కాంక్రీటు దిమ్మెల 28 రోజుల పరీక్ష తప్పితే ఆ పిల్లరుకు ఇచ్చిన శాతాన్ని మరుసటి నెల తగ్గించి రాసిన ఇంజనీరును గట్టివాడు అనుకుంటాను.

గేటు దగ్గరి గంట, గోడ దగ్గరి గంట

ఇప్పుడు పెద్ద సైటులలో వేలిముద్ర యంత్రాలు, ముఖం గుర్తించే కెమెరాలు పెడుతున్నారు. హాజరు కచ్చితంగా పడుతుందన్నది నిజమే. కానీ అది గేటు దగ్గరి గంట. హైదరాబాదు శివార్లలో లేస్తున్న ముప్పై, నలభై అంతస్తుల భవనాలలో పనివారు పైకి వెళ్లడానికి హాయిస్టు (సైటు లిఫ్టు) కోసం వరసలో నిలబడతారు. ఉదయం పావుగంట, భోజనానికి దిగేటప్పుడు పావుగంట, ఎక్కేటప్పుడు పావుగంట, సాయంత్రం పావుగంట. మనిషికి రోజుకు గంట. 300 మంది ఉంటే 300 గంటలు, అంటే 37 మంది రోజంతా చేసే పని. పై అంతస్తులోనే తాగునీరు, మరుగుదొడ్డి, భోజనానికి నీడ ఏర్పాటు చేస్తే ఇందులో సగం మిగులుతుంది. మనుషులకూ సుఖం. గేటు యంత్రం ఈ మాట ఎప్పటికీ చెప్పదు. ఒక పూట అక్కడ నిలబడి చూసినవారికి తెలుస్తుంది.

ఉపాధి హామీ పనులలో కూడా ఇదే కథ మరో రూపంలో జరిగింది. అక్కడ మన ప్రాంతంలో కూలీలను శ్రమశక్తి సంఘాలుగా కట్టి, తవ్విన మట్టి కొలిచి కూలి కట్టేవారు. అది పని కొలత. 2023 జనవరి నుంచి ఫోను యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు తప్పనిసరి చేశారు. ఇది మనిషి ఉనికి కొలత. సిగ్నలు లేని గుట్టల దగ్గర ఫొటో ఎక్కకపోతే, తవ్విన గొయ్యి కళ్లముందే ఉన్నా ఆ రోజు కూలి ప్రశ్నార్థకమైంది. ఒక కొలతను సరిదిద్దబోయి, రెండవదాన్ని దాని కింద పడేయడం వల్ల వచ్చిన కష్టమిది.

గల్ఫ్ వెళ్లిన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లకు టైమ్‌షీట్ అనే మాట బాగా తెలుసు. ఫోర్‌మన్ సంతకం పడిన గంటే గంట, ఓవర్‌టైమ్ దాని మీదే. అక్కడి నుంచి తిరిగివచ్చిన ఒక మేస్త్రీ తన టైమ్‌షీట్ల నకళ్లను ఇప్పటికీ ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు. మన దగ్గర అటువంటి కాగితం కూలీ చేతికి ఇవ్వం. ఇవ్వాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో వచ్చిన నియమం ప్రకారం సంక్షేమ బోర్డులో పేరు నమోదు కావాలంటే, గడిచిన 12 నెలలలో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. సంక్షేమ నిధి కోసం నిర్మాణ ఖర్చు మీద 1 శాతం సెస్సు వసూలవుతుంది. ఆ నిధి తలుపు తెరిచే తాళంచెవి ఈ 90 రోజుల లెక్క. నాలుగు సైటులు, ముగ్గురు మేస్త్రీలు మారిన మనిషికి ఆ లెక్క ఏ పుస్తకంలో దొరుకుతుంది?

కొన్నేళ్ల క్రితం ఒక సైటులో మాలు మోసే ఒకామె నా దగ్గరికి వచ్చింది. వేలిముద్ర యంత్రం ఆమెకు ఆ నెల 19 రోజులు చూపించింది. సిమెంటు పట్టీ పట్టీ వేళ్ల గీతలు అరిగిపోయి, యంత్రం కొన్ని రోజులు ఆమెను గుర్తించలేదు. ఆమె నన్ను తన రేకుల షెడ్డు దగ్గరికి తీసుకువెళ్లి లోపలి గోడ చూపించింది. పొయ్యి బొగ్గుతో రోజుకొక గీత, ప్రతి ఆరు గీతల తరువాత ఒక అడ్డగీత. ‘నా గీతలు తప్పవు సార్’ అంది. లెక్కపెడితే 24.

తిరిగి ఆఫీసుకు వచ్చి కొలతల పుస్తకం, కాంక్రీటు రిజిస్టరు, రోజువారీ డైరీ ముందు పెట్టుకున్నాను. యంత్రం వదిలేసిన అయిదు రోజులలో రెండు స్లాబు రోజులు. రిజిస్టరులో ఆమె గుంపులో పదకొండుమంది అని ఉంది, యంత్రంలో పదిమందే. మిగిలిన మూడు రోజుల డైరీలోనూ అదే తేడా, ఒక మనిషి. కొలిచిన పనికి పదకొండుమంది లెక్కే సరిపోయింది.

కొలతల పుస్తకంలో తప్పును చెరపకూడదు. ఒక్క గీతతో కొట్టి, పైన సరైన అంకె వేసి, సంతకం చేయాలి. హాజరు పట్టీలోనూ అలాగే 19 కొట్టి 24 వేసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం బట్వాడా అయ్యాక షెడ్డు ముందు నుంచి వెళ్తుంటే తలుపు తెరిచి ఉంది. బొగ్గు గీతల కింద కొత్త వరసలో మరుసటి నెల మొదటి గీత కనిపించింది.